రెండు నొక్కులు

మా ఇంటికి వచ్చిన కళాకారుడు ఎవరూ అన్నం తినకుండా వెళ్ళలేదని మా ఆయన సన్మాన సభల్లో చెప్పేవారు. ఇరవై మూడేళ్ళుగా ఒక్కడూ వెళ్ళలేదనేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ ఇరవై మూడేళ్ళూ గరిట తిప్పిన చెయ్యి నాది. ఆ చప్పట్లప్పుడు అది శాలువా కింద, నా ఒళ్ళో ఉండేది. కిందటి వేసవిలో ఒకడు తినకుండా వెళ్ళిపోయాడు. నేను చెప్పబోయేది అదే.

మాది నరసన్నపేట. బజార్లో ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. ఏటా వైశాఖంలో కొట్టు వెనకాల జాగాలో పందిరి వేయించి పద్యనాటకం ఆడిస్తాం. ఆర్చీకి ఫ్లెక్సీ కడతారు. దాని మీద 'కళాపోషక దంపతులు పొట్నూరు సింహాచలం, శ్రీమతి కుసుమకుమారి' అని ఉంటుంది. పక్కన మా ఇద్దరి ఫొటో. అది తీయించి పదిహేనేళ్ళయింది. అందులో నా జుట్టు నల్లగా, మా ఆయన చెవులు బాగా ఉండేవి.

చెవుల సంగతి చెప్పాలి.

మా ఆయన బిందె కొట్టి చూడకుండా ఎవరికీ ఇవ్వరు. వేలి కణుపుతో ఒక్కటి కొట్టి, మోత విని, "తీసుకెళ్ళమ్మా, నీ మనవరాలు కూడా వాడుతుంది" అంటారు. నాలుగేళ్ళ కిందట ఒకావిడ బిందె తిరిగి పట్టుకొచ్చింది. అడుగున వెంట్రుకంత పగులు. ఆ బిందె ఆయన నా ఎదురుగానే కొట్టి చూసి ఇచ్చారు. గల్లా దగ్గర కూర్చున్న నాకు అది బొంగురుగా పలకడం వినబడింది. తెలిసే అంటగట్టారేమోనని ఆయన మీద రెండు రోజులు మండిపడ్డాను. మూడో రోజు తెలిసింది, ఆయనకు వినబడలేదని.

శ్రీకాకుళంలో డాక్టరు రెండు చెవులూ చూసి మెషిన్ ఇచ్చాడు. అది పెట్టుకుని ఒక సాయంత్రం హార్మోనియం విన్నారు. "సైకిలు పంపు కొట్టినట్టుందే" అని తీసేసి సొరుగులో పడేశారు. కొట్లో బేరాలు చూసుకోవడానికి గుమస్తా ఉన్నాడు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకోవడం ఆయనకు అలవాటైపోయింది. ఊళ్ళో ఎవరికీ తెలియలేదు.

"ఇంక పందిరి మానేద్దామా?" అని అడిగాను. దాచడం ఎందుకు, ఆశగానే అడిగాను. నలభై మందికి వంట తప్పుతుందని.

"నువ్వు పక్కన ఉంటావు కదా" అన్నారు.

నాటకంలో పద్యం బాగుంటే జనంలోంచి 'వన్స్ మోర్' అంటారు. అన్నాక నటుడు మళ్ళీ పాడాలి. ఎవరైనా అనొచ్చు గానీ, పందిరి వేయించిన షావుకారు అంటే ఆ లెక్క వేరు. కాదనడానికి వీల్లేదు. అందులో మా ఆయన ఊరికే అనే మనిషి కాదు. ఒక నాటకానికి ఒకటి, మహా అయితే రెండు. సింహాచలం గారి చేత వన్స్ మోర్ అనిపించుకున్నానని చెప్పుకుని టెక్కలిలో, పాతపట్నంలో వేషాలు సంపాదించుకున్న వాళ్ళున్నారు.

ముందు వరసలో మా ఇద్దరికీ సోఫా వేస్తారు. నా కుడికాలు ఆయన ఎడమకాలి మీద ఉంటుంది. బొటనవేలితో ఒక నొక్కు నొక్కితే ఆయన తల ఊపాలి. రెండు నొక్కితే చెయ్యెత్తి వన్స్ మోర్ అనాలి. అలా మూడేళ్ళు నరసన్నపేటలో వన్స్ మోర్లు ఇచ్చింది నేను. నాకేమైనా సంగీతం వచ్చా? ఏమీ రాదు. విని విని ఏది బాగుందో తెలుస్తుంది, అంతే.

కిందటి ఏడు, పందిరికి ఇంకా నెల ఉందనగా, హరిబాబు తాటిముంజెలు పట్టుకుని కొట్టుకి వచ్చాడు. హరిబాబుది కళింగపట్నం. భార్య తులసి ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. ఈయన రాజు వేషాలు వేస్తాడు. అరవై మూడేళ్ళుంటాయి. మా పక్క ఊరి బడిపంతులొకాయన ఎప్పుడో రాసిన నాటకం ఒకటుంది. అచ్చు కూడా కాలేదు, చేతిరాత కాపీలే. రాజ్యం దానమిచ్చేసిన రాజు, రాణిని వెంటబెట్టుకుని అడవిలో నడుస్తాడు. ఆవిడ అలిసిపోయి కటిక నేల మీద నిద్రపోతే, పక్కన కూర్చుని ఆవిణ్ణి చూస్తూ పద్యం పాడతాడు. ఆ పద్యానికి హరిబాబే పేరు. చివర రాగం తీస్తే పందిరి గుంజలు కూడా కదలకుండా వినేవి.

"ఈ ఏడు అడవి సీను అదిరిపోవాలమ్మా" అన్నాడు ముంజెల ఆకు నా ముందు పెట్టి. "రోజూ తెల్లారగట్ల సముద్రం ఒడ్డుకెల్లి సాధన సేస్తన్నాను." అంటూనే దగ్గాడు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"ఏటి హరిబాబూ, ఆ దగ్గు?"

"జలుబమ్మా."

ఎండలు మండిపోతుంటే జలుబేమిటని అడగలేదు. అతనే గొంతు తగ్గించి చెప్పాడు. "మీకాడ దాపరికమేటమ్మా. టెక్కలోలు ఈ ఏడు ఇంకోడిని పెట్టుకుంతామంటన్నారు. నా గొంతు పోనాదంట. బాబు ఒక్కమారు వన్స్ మోర్ అన్నారంటే ఆల నోళ్ళు మూతబడిపోతాయి. బాబు సెవి అంటే అందరికీ గురి."

మా ఆయన ఎదురుగా కూర్చుని, అతని పెదాలే చూస్తూ, "నీకేటి హరిబాబూ, నువ్వు రాజువి" అన్నారు. మాటెక్కడో సగం అందింది, మిగతాది ఆయన వేసుకున్నారు. హరిబాబు మురిసిపోయి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ముంజెలు ఒలుస్తూ మా ఆయనతో అన్నాను. "ఇదే ఆఖరుది చేద్దాం. నా వల్ల అవడం లేదు."

"ఈ ఒక్క ఏడే" అన్నారు. ఈ మాట నేను మూడేళ్ళుగా వింటున్నాను. హరిబాబు బాగా పాడితే రెండు నొక్కులు నొక్కుతాను సరే, లేకపోతే ఏం చెయ్యాలన్నది నేనప్పుడు ఆలోచించలేదు.

నాటకం రోజు నాలుగింటికే లేచాను. ఏటా సాయానికి వచ్చే ఇద్దరిలో ఒకామె మనవడి బారసాలకి వెళ్ళిపోయింది, రెండో ఆమె వడదెబ్బ తగిలి పడుకుంది. నటులు నాటకానికి ముందు మజ్జిగ తప్ప ముట్టుకోరు, కడుపు నిండితే రాగం లేవదు. తెర పడ్డాకే భోజనాలు. అయినా వంట పగలే అవ్వాలి కదా. పులిహోర, మామిడికాయ పప్పు, గుమ్మడికాయ దప్పళం, వంకాయ కూర. హరిబాబుకి దప్పళం ఇష్టమని బెల్లం కాస్త ఎక్కువ వేశాను. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. నాలుగింటికి చూసుకుంటే నా పాదాలు పొంగిపోయి చెప్పుల్లో పట్టడం లేదు.

"పట్టుచీర కట్టుకో, ఫొటోలు తీస్తారు" అన్నారు మా ఆయన వాకిట్లోంచి.

కట్టుకున్నాను.

మైకు పర్మిషన్ పదింటి వరకే ఇస్తున్నారని మా పందిట్లో అయిదున్నరకే తెర లేస్తుంది. ఇంకా వెలుతురు ఉంది. హార్మోనియం ముందు ఏసుదానం కూర్చున్నాడు. ఏసుదానం నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేసి రిటైరైన మనిషి. ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు, మిగతా రోజులు నాటకాలకి. మాకు శాలువాలు కప్పారు. నా మెడ మీద ఆ శాలువా తడిగుడ్డలా అతుక్కుపోయింది. సోఫా పక్కన పెద్ద ఫ్యాను పెట్టారు. కాలు ఆయన కాలి మీద వేసి కూర్చున్నాను.

అడవి సీను ఏడు దాటాక వచ్చింది. రాణి వేషం రేఖది. ఆ అమ్మాయి చాప మీద పడుకుని కళ్ళు మూసుకుంది. పక్కన హరిబాబు మోకాలు మడిచి కూర్చున్నాడు. కిరీటం తీసేసిన రాజు, నెత్తి మీద ఒక గుడ్డ. ఏసుదానం శ్రుతి పట్టాడు. పద్యం మొదలైంది.

మొదటి పాదం విన్నాను. రెండోది సగం విన్నాను. ఫ్యాను గాలి మెడ మీదికి వచ్చింది.

"వన్స్ మోర్!"

మా ఆయన గొంతుకి ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. ఆయన చెయ్యెత్తి ఉన్నారు. ముఖం వెలిగిపోతోంది. పందిట్లో ఎవరూ కదలడం లేదు. చప్పట్లు లేవు. స్టేజీ మీద హరిబాబు నోరు కొంచెం తెరిచి మా ఆయన్నే చూస్తున్నాడు.

నేను నిద్రపోయాను. నిద్రలో నా కాలు రెండుసార్లు ఉలికిపడింది.

ఆ మధ్యలో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. రాగం పైకి ఎత్తగానే హరిబాబు గొంతు చీలిపోయిందట. ఆగి, దగ్గు మింగి, చివరి మాట పాడకుండానే వదిలేశాడట. ఏసుదానం హార్మోనియం గట్టిగా లాగి కప్పిపెట్టాడట. పెద్దమనిషి కదా, జనం కూడా తలలు దించుకుని ఊరుకున్నారు. అలా అందరూ కలిసి అతని పరువు కాపాడుతున్న నిమిషంలో, ముందు వరసలోంచి షావుకారు మళ్ళీ పాడమన్నారు.

వెనకాల ఎవరో నవ్వారు. ఆ నవ్వే ఆలస్యం. వెనక వరసలవాళ్ళు ఈలలు వేసి "వన్స్ మోర్, వన్స్ మోర్" అని అరుపులు మొదలుపెట్టారు. మా ఆయన ఆ అరిచే నోళ్ళు చూసి, అందరికీ నచ్చిందనుకుని ఇంకా నవ్వారు. ఆ నవ్వులో వెటకారం లేదని నాకు తెలుసు. లైట్ల వెనక నుంచి చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

హరిబాబు మా ఆయనకి దండం పెట్టి మళ్ళీ ఎత్తుకున్నాడు. ఏసుదానం శ్రుతి అర మెట్టు దించి వాయించాడు. అయినా గొంతు లేవలేదు. ఈసారి ముందే విరిగింది. చాప మీద నిద్రపోతున్న రాణి మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారిపోతుంటే రంగు చారలు కట్టింది. తెర దించేశారు.

భోజనాలకి విస్తళ్ళు వేశాం. ఒక విస్తరి దగ్గర ఎవరూ కూర్చోలేదు. కిరీటం, భుజకీర్తులు పెట్టెలో పడేసి, సగం రంగు మొహంతోనే ఆటో ఎక్కి వెళ్ళిపోయాడని రేఖ చెప్పింది. మా ఆయన గుమ్మంలో నిలబడి, "హరిబాబేడీ? హరిబాబేడీ?" అని అందర్నీ అడుగుతున్నారు. ఎవరూ ఆయన వైపు సరిగ్గా చూడలేదు.

చేతులు కడుక్కుంటూ ఏసుదానం నా పక్కకి వచ్చాడు. "అమ్మా, బాబుకి ఇనబడదని నాకు తెలుసు."

నేను చెంబుతో అతని చేతుల మీద ఇంకాసిని నీళ్ళు పోశాను.

"నాను కూకున్న కాడికి మీ కాలు కనబడతాది. మూడేళ్ళుగా సూస్తన్నాను. మీరు ఒక్కమారు కూడా తప్పు నొక్కలేదు. ఇయాల ఏటయిందమ్మా?"

"నిద్రపోయాను ఏసుదానం."

"ప్రసంగం టైములో మా చర్చిలోనూ పోతారు. నాను హార్మోనీ గట్టిగా లాగి లేపుతాను" అని నవ్వబోయి మానేశాడు. "ఆ మాట హరిబాబుకి సెప్పీయండమ్మా. నా నోటంట రాకూడదు. బాబు ఎకసెక్కం సేసినారనుకుని ఎల్లిపోనాడు."

ఆ రాత్రి మా ఆయనకి చెప్పాను. లైటు కింద ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా పెదాలు కదిపి చెప్పాను. ఆయన ముఖం నల్లబడిపోయింది. నా మీద అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"వెటకారమే అనుకోనీ" అన్నారు చివరికి. "రెండ్రోజులు పోతే మరిసిపోతాడు."

"అదేటండీ ఆ మాట? మీకు వినబడదని చెప్పేస్తే పోతుంది కదా."

"పోతాది. అంతా పోతాది." ఆయన గొంతు పెద్దదైంది. వినబడని వాళ్ళకి తమ గొంతెంతో తెలియదు. "బాబు సెవి అన్నాడు సూడు, ఆ సెవి లేదంటే నేనెవుణ్ణే? బిందెలమ్ముకునీవోణ్ణి. సెవిటోడి ముందు పాడ్డానికి ఎవుడొస్తాడు?"

నాకు జాలేసింది, ఒళ్ళు కూడా మండింది. ఒక మనిషి పరువు తీసి తన పరువు దాచుకుంటానంటున్నారు. ఆ పరువు కోసం మూడేళ్ళు వంటా నేనే చేశాను, చెవీ నేనే అయ్యాను. అలిసిపోయాను అని గట్టిగా అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి ఉన్నారు, పెదాలు చూడలేదు.

వారం గడిచింది. ఎవడో ఆ పద్యం ఫోన్లో తీసి ఊరంతా పంచాడు. రెండోసారి పాడిందే. టెక్కలివాళ్ళు హరిబాబుని వద్దన్నారు. ఏసుదానం ఫోన్ చేసి, హరిబాబు ఇల్లు కదలడం లేదని, ఎవరితో మాట్లాడడం లేదని చెప్పాడు.

మర్నాడు పొద్దున్న ఒక్కరికే వంట చేశాను. అన్నం, పప్పు, దప్పళం. క్యారేజీలో సర్దాను. మా ఆయన వచ్చి గిన్నెల మూతలు తీసి చూసుకున్నారు.

"మరి నాకు?"

"హోటల్లో తినండి. నేను కళింగపట్నం వెళ్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. మీరొస్తే రండి, లేకపోతే మానండి."

నలభై ఏళ్ళ కాపురంలో ఆయన్ని హోటల్లో తినమన్నది అదే మొదలు. బస్సు కదలబోతుంటే తువ్వాలు భుజాన వేసుకుని పరుగున వచ్చి నా పక్కన కూర్చున్నారు. శ్రీకాకుళంలో బస్సు మారాం.

హరిబాబు ఇల్లు తీరానికి దగ్గర్లోనే. ఇసక మీద వలలు పరిచి చేపలు ఎండబెట్టారు. తులసి వాటిని ఒక్కొక్కటీ తిరగేస్తోంది. మా ఆయన తువ్వాలు ముక్కుకి పెట్టుకోబోతే నేనొక చూపు చూశాను. తీసేశారు.

తులసి నడుం ఎత్తి మమ్మల్ని చూసింది. "నవ్వడానికి ఇంత దూరం వచ్చినారేటి?"

హరిబాబు లోపల్నుంచి లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. వారం రోజుల గడ్డం. చెవి వెనకాల కొంచెం రంగు ఇంకా పోలేదు. భార్యని ఒక్క మాటతో ఆపి, రెండు కుర్చీలు నీడకి లాగాడు. తను నేల మీద కూర్చున్నాడు.

నేను మొదలుపెట్టబోయాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. చొక్కా జేబులోంచి మెషిన్ తీసి అరచేతిలో పెట్టుకుని చూపించారు.

"ఇది నాది హరిబాబూ. మూడేళ్ళయింది. నీ పద్యం నాకు ఇనబడలేదు. నిరుడూ ఇనబడలేదు. అటు ముందటేడూ లేదు."

హరిబాబు దాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. "మరి వన్స్ మోరు, బాబూ?"

మా ఆయన నన్ను చూపించారు. నేను కాలి సంగతి చెప్పాను. ఒక నొక్కుకి ఏమిటో, రెండిటికి ఏమిటో చెప్పాను. చిన్నపిల్ల దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పాను. ఆ రోజు వంటకి సాయం లేక, అలిసిపోయి నిద్రపోయానని కూడా చెప్పేశాను. పాడేవాడి ముందు కూర్చుని నీ పద్యానికి నిద్రపోయానని చెప్పడం ఎంత కష్టమో నాకప్పుడు తెలిసింది.

హరిబాబు చాలాసేపు ఇసకలో వేలితో గీతలు గీశాడు.

"నిరుడు రెండు మార్లు అన్నారు."

"రెండూ నేనే. రెండూ నిజంగా బాగున్నాయి హరిబాబూ. ఒట్టు."

"మరి ఈ ఏడు? నిద్దరోకపోతే నొక్కుదురేటమ్మా?"

అబద్ధం నోటి చివరి దాకా వచ్చింది. ఆ ఒక్క అబద్ధంతో ఆ మనిషి మళ్ళీ రంగు వేసుకునేవాడేమో. కానీ మళ్ళీ ఎవడో ఒకడు నవ్వేవాడు.

"నొక్కేదాన్ని కాదు."

అతను తల ఊపాడు. "నొక్కరు. నాకు సముద్రం కాడే తెలిసిపోనాది. మనసు ఒప్పుకోలేదు గానీ." తర్వాత చిత్రంగా నవ్వాడు. "ఆ పద్యం అలిసిపోయి నిద్దరోతన్న ఆడమడిసిని సూసి పాడీది కదమ్మా. ముప్పయ్యేళ్ళు దొంగనిద్దర ముందర పాడినాను. ఆఖరుమారు నిజం నిద్దర ముందర పాడినాను. సాలు."

నాకు ఏడుపొచ్చింది. క్యారేజీ విప్పే నెపంతో తల దించుకున్నాను.

తులసి చేపల బుట్ట కింద పెట్టి మా దగ్గరికి వచ్చింది. మా ఆయన ముఖం కాదు, నా పాదాలు చూస్తోంది. "నలభై మందికీ ఒక్కత్తే వండి, మళ్ళీ పట్టుచీర కట్టుకుని మీ పక్కన సెవిలాగ కూకుంటే నిద్దర రాదేటి? ఆ అమ్మ మడిసి కాదా?"

ఆమె కిందికి చూస్తూ అనేసరికి ఆయనకి అందలేదు. "ఏమంది?" అని నన్నడిగారు.

"ఏం లేదులెండి" అన్నాను.

ఆయన నన్ను ఒక నిమిషం చూశారు. మెషిన్ చెవికి పెట్టుకుని, మీట సరి చేసుకుని తులసి వైపు తిరిగారు.

"మళ్ళీ సెప్పమ్మా."

తులసి భర్త వైపు చూసింది. తర్వాత ఒక్క మాట తగ్గించకుండా మళ్ళీ చెప్పింది. ఆయన తల వంచి మొత్తం విన్నారు.

హరిబాబు మా ఎదురుగానే అన్నం తిన్నాడు. దప్పళంలో బెల్లం ఎక్కువైందన్నాడు. అయినా గిన్నె తుడిచేశాడు. తులసి మాకు ముంజెలు కోసి పెట్టింది. బయల్దేరేటప్పుడు హరిబాబు, "వచ్చే ఏడు పందిరెయ్యండి బాబూ. నాను వస్తాను. ముందర వరసలో మీ పక్కన నాను కూకుని కాలు తొక్కుతాను. అమ్మని ఇంట్లో తొంగోనీయండి" అన్నాడు. మా ఆయన పకపకా నవ్వారు. ఆ నవ్వు ఆయన చెవికే పెద్దగా వినబడినట్టుంది, ఉలిక్కిపడి ఆగారు.

శ్రీకాకుళంలో మా ఊరి మీదుగా పోయే పలాస బస్సెక్కాం. కిటికీ పక్క సీటు నాకిచ్చారు. బస్టాండు దాటడం వరకే నాకు గుర్తు.

కళ్ళు తెరిచేసరికి నా తల ఆయన భుజం మీద ఉంది. బయట ఎండ ఎర్రబడింది. పొలాలు, దూరంగా కొండలు. మా ఊరి పక్కన ఇలాంటి కొండలు లేవు. బోర్డు చూస్తే కోటబొమ్మాళి. నరసన్నపేట దాటిపోయి చాలాసేపైంది.

"ఏటండీ ఇది! కండక్టరు మన ఊరు పేరు అరవలేదా? మీకు వినబడలేదా?"

ఆయన కదలకుండా, భుజం అలాగే ఉంచి, మెషిన్ ఉన్న చెవి నా వైపు తిప్పి చూపించారు.

"ఇనబడింది" అన్నారు. "రెండుమార్లు అరిచేడు."